అమ్మకు ఫోన్ చేయడానికి ఏడాదికి రెండు రోజులు

2019 ఫిబ్రవరి 15న, అమెరికాలో మోర్మన్ అనే క్రైస్తవ సంఘానికి కేంద్రమైన సాల్ట్ లేక్ సిటీ నుంచి ఒక చిన్న ప్రకటన వచ్చింది. ఇకపై మిషనరీలు వారానికోసారి ఇంటికి ఫోన్ చేసుకోవచ్చు, వీడియో కాల్ అయినా ఫరవాలేదు అని. ఇందులో వార్త ఏముందని బయటివాళ్ళకు అనిపించొచ్చు. కానీ అంతకుముందు దాకా, బ్రెజిల్‌లోనో ఫిలిప్పీన్స్‌లోనో ఉన్న పందొమ్మిదేళ్ళ మోర్మన్ కుర్రాడు తల్లి గొంతు వినేది ఏడాదికి రెండుసార్లే. క్రిస్మస్‌కి ఒకసారి, మదర్స్ డేకి ఒకసారి. మిగతా రోజులన్నీ ఉత్తరాలతోనూ, తర్వాతి కాలంలో వారానికో ఈమెయిల్‌తోనూ గడిచిపోవాలి. ఇలా రెండేళ్ళు.

ఈ కట్టుబాటు ఎక్కడిదో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి. ఎందుకంటే మొదట్లో ఈ మతప్రచారపు పని కుర్రాళ్ళది కాదు.

1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన ఈ సంఘానికి ఇప్పటి అధికారిక పేరు ‘యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము’. మోర్మన్ అనే పేరు వాళ్ళ పవిత్ర పుస్తకమైన మోర్మన్ గ్రంథం నుంచి వచ్చింది. ఆ ఏడాది జూన్‌లోనే జోసెఫ్ తమ్ముడు శామ్యూల్ ఆ పుస్తకాలు మోసుకుంటూ ఊళ్ళు తిరగడం మొదలుపెట్టాడు. 1837లో మొదటి బృందం సముద్రం దాటి ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్ చేరింది. అలా వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది పెళ్ళాం బిడ్డలున్న పెద్దవాళ్ళు. చేతిలో పైసా ఉండేది కాదు. “మీరు సంచినైనను జాలెనైనను” తీసుకుపోవద్దని లూకా సువార్తలో ఉన్న మాటను వాళ్ళు అక్షరాలా పాటించారు. ఏ ఊరికి వెళితే ఆ ఊళ్ళో ఎవరు అన్నం పెడితే వాళ్ళింట తినడం, ఎవరు చోటిస్తే అక్కడ పడుకోవడం.

1839 సెప్టెంబర్‌లో సంఘ నాయకులైన బ్రిగమ్ యంగ్, హీబర్ కింబల్ ఇంగ్లండ్‌కు బయల్దేరిన తీరును ఆ సంఘంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇద్దరికీ చలిజ్వరం. యంగ్ భార్య పురిటి మంచం మీద ఉంది, బిడ్డకు పది రోజులు. కింబల్ భార్య జ్వరంతో వణుకుతూ మంచం పట్టింది. బండి కదిలాక కింబల్ మనసు ఆగలేదు. వీళ్ళను ఇలా వదిలి వెళ్ళడం కష్టంగా ఉంది, లేచి నిలబడి ఒక్క కేకన్నా వేద్దాం అన్నాడట. నిలబడే ఓపిక లేని ఇద్దరూ బండిలోనే లేచి, టోపీలు ఊపి, ఇశ్రాయేలుకు జయం అని అరిచారు. ఆ కేక విని ఆడవాళ్ళు గుమ్మం దాకా వచ్చి చేతులూపారు. ఈ కథ చదివినప్పుడల్లా నా కళ్ళు ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. వెళ్ళినవాళ్ళ విశ్వాసం గురించి పుస్తకాల నిండా ఉంది. ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి ఎలా వెలిగిందో ఎక్కడా కనబడదు.

ఇంగ్లండ్‌లో ఫలితం వాళ్ళు ఊహించనంత వచ్చింది. 1850ల మొదట్లో, అప్పటికి వాళ్ళ కేంద్రమైన యూటాలో కంటే బ్రిటన్‌లోనే ఆ సంఘ సభ్యులు ఎక్కువ. ఆ ఊపులోనే 1852 ఆగస్టులో సభ పెట్టి దాదాపు వంద మందిని ప్రపంచం నలుమూలలకూ పంపారు. అందులో మన దేశమూ ఉంది. ఇక్కడికి బయల్దేరినవాళ్ళు 1853 ఏప్రిల్‌లో కలకత్తాలో దిగారు. రిచర్డ్ బాలంటైన్ అనే ఆయన అదే ఏడాది మద్రాసు చేరాడు. అప్పుడు మన కోస్తా జిల్లాలకు రాజధాని మద్రాసే. కానీ ఆయన మాట కంటోన్మెంట్లలోని తెల్లవాళ్ళ దగ్గరే ఆగిపోయింది. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు కొద్దిమందే, వాళ్ళలోనూ ఎక్కువమంది యూరోపియన్లే. భాష రాదు, చేతిలో డబ్బు లేదు. పైగా తమలో బహుభార్యత్వం ఉందని సంఘం బహిరంగంగా ఒప్పుకున్నది సరిగ్గా ఆ 1852 సభలోనే. ఆ కబురు వీళ్ళ వెనకాలే వచ్చి చేరింది. మూడు నాలుగేళ్ళలో అందరూ తిరుగుముఖం పట్టారు.

ఆ పని కుర్రాళ్ళ చేతికి మెల్లగా వచ్చింది. కుటుంబాలను వదిలి వెళ్ళే పెద్దవాళ్ళ స్థానంలో, పంతొమ్మిదో శతాబ్దం చివరికల్లా పెళ్ళికాని యువకులు రావడం మొదలైంది. 1898లో ఐనెజ్ నైట్, జెన్నీ బ్రిమ్‌హాల్ అనే ఇద్దరు అమ్మాయిలు ఇంగ్లండ్ వెళ్ళారు. పెళ్ళికాని ఆడపిల్లలు అధికారికంగా మిషనరీలుగా వెళ్ళడం అదే మొదలు. 1960లో మగపిల్లల కనీస వయసు 20 నుంచి 19కి దిగింది. ఇక 1974లో సంఘ అధ్యక్షుడు స్పెన్సర్ కింబల్, ఒంట్లో బాగున్న ప్రతి యువకుడూ మిషన్‌కు వెళ్ళాల్సిందే అన్నట్టు చెప్పాడు. ఆయన ఆ బండిలో లేచి నిలబడిన హీబర్ కింబల్‌కు మనవడే. ఇంట్లో ఎవరో ఒకరికి వచ్చే పిలుపు, అక్కడి నుంచి ప్రతి మగపిల్లాడి బాధ్యత అయింది. వెళ్ళనివాడిని “ఎందుకు వెళ్ళలేదు?” అని అడిగే రోజులు వచ్చాయి.

కుర్రాళ్ళు వచ్చేకొద్దీ నియమాలూ పెరిగాయి. యేసు శిష్యులను “ఇద్దరిద్దరినిగా” పంపాడని మార్కు సువార్తలో ఉంది కాబట్టి ఎప్పుడూ జంటగానే ఉండాలి. ఆ తోడును కంపానియన్ అంటారు. అతన్ని నువ్వు ఎంచుకోవు. నీకంటే పెద్దగా గురక పెట్టేవాడు కావచ్చు, నీ భాష రానివాడు కావచ్చు. సాధారణంగా ఆరు వారాలకోసారి వచ్చే ట్రాన్స్‌ఫర్ దాకా బాత్రూమ్‌లో తప్ప అతని కనుచూపు దాటకూడదు. ఏ దేశం వెళ్ళాలో కూడా నీ చేతిలో లేదు. పిలుపు వచ్చిన రోజు బంధువులందరూ హాల్లో కూర్చుంటే, కవరు చించి ఊరి పేరు పైకి చదువుతారు. ఇప్పుడది ఆన్‌లైన్‌లో వస్తోంది, అయినా చుట్టాలు మాత్రం అలాగే చేరతారు.

పొద్దున ఆరున్నరకు లేవడం, వ్యాయామం, లేఖనాల చదువు, ఆ తర్వాత రాత్రి తొమ్మిది దాకా వీధులు. పదిన్నరకు లైటు ఆపేయాలి. సినిమాలు లేవు, ప్రేమలు లేవు. ఎండన పడి తిరిగినవాడికి ఎవరో అభిమానంగా టీ ఇచ్చినా వద్దనాలి, ఎందుకంటే వాళ్ళ మతంలో టీ, కాఫీ నిషేధం. చొక్కా జేబు మీద నల్ల బిళ్ళ, దాని మీద ఇంటిపేరు మాత్రమే, ముందు ‘ఎల్డర్’ అని. పద్దెనిమిదేళ్ళవాడిని పెద్ద అని పిలుస్తున్నారు. రెండేళ్ళపాటు సొంత పేరుతో పిలిచేవాళ్ళు దాదాపు ఉండరు. వారంలో ఒక్క రోజు బట్టలు ఉతుక్కోవడానికీ సరుకులు తెచ్చుకోవడానికీ సాయంత్రం ఆరు దాకా సెలవు. ఖర్చు కూడా వాళ్ళదే. అమెరికా నుంచి వెళ్ళేవాళ్ళకు నెలకు 400 డాలర్లు ఉన్నది 2020 జూలై నుంచి 500 అయింది.

అంకెల ఒత్తిడి ఎంత చెరుపు చేస్తుందో ఈ చరిత్రలోనే ఉంది. 1960 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో బేస్‌బాల్ ఆడుకుందాం రమ్మని పిల్లలను చేరదీసి, ఆటలో చేరాలంటే బాప్తిస్మం తీసుకోవాలన్నట్టు చేశారు. ఆ పిల్లల్లో చాలామంది మళ్ళీ గుడి గడప తొక్కలేదు, తర్వాత పేర్లు కొట్టేయాల్సి వచ్చింది. ఆ పని చేసిన మిషనరీలూ ఇరవై ఏళ్ళవాళ్ళే. ఈ నెల ఎంతమంది అని పైనుంచి అడుగుతుంటే, ఆ వయసులో ఎదురు చెప్పగలిగేది ఎందరు?

విశ్వాసం నిజంగా పాకిన చోట దారి వేరుగా ఉంది. మన హైదరాబాదే చూడండి. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు సమోవాలో ఉండగా ఈ సంఘంలో చేరారు. 1978 డిసెంబర్‌లో కొద్దికాలపు మిషనరీలుగా సొంతవాళ్ళ దగ్గరికి వచ్చారు. బంధువుల్లో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పాస్టర్‌గా ఉన్న ఎల్సీ తండ్రే మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చే పని చేపట్టారు. ఎంపిక చేసిన భాగాలు 1982లో అచ్చయ్యాయి. 2012 మే 27న దేశంలోనే మొదటి ‘స్టేక్’, అంటే కొన్ని సంఘాల సముదాయం, హైదరాబాద్‌లోనే ఏర్పడింది. మద్రాసులో బాలంటైన్‌కు సాధ్యం కానిది, సొంతవాళ్ళ మధ్య కూర్చుని మాట్లాడిన దంపతులకు సాధ్యమైంది.

అదే 2012 అక్టోబర్‌లో సంఘం వయసును మళ్ళీ తగ్గించింది. మగపిల్లలకు 18, ఆడపిల్లలకు 21 నుంచి 19. స్కూలు అయిపోగానే విమానం ఎక్కేయొచ్చు. ముఖ్యంగా అమ్మాయిలు ఉప్పెనలా వచ్చారు. 2012 చివర 58,990గా ఉన్న మిషనరీలు 2014 చివరికి 85,147 అయ్యారు. ఏడాదిలో కొత్తగా సంఘంలో చేరినవాళ్ళు మాత్రం 2,72,330 నుంచి 2,96,803కే పెరిగారు. మనుషులు 44 శాతం పెరిగితే ఫలితం 9 శాతం. ఈ తేడా అంతా మొహాన తలుపు వేయించుకున్న పిల్లల ఖాతాలోనే పడింది. ఎవరూ వినలేదంటే తన విశ్వాసంలోనే లోపం ఉందేమో అనుకునే వయసు అది.

నిద్ర పట్టకపోవడం, టెన్షన్, డిప్రెషన్‌తో మధ్యలోనే ఇంటికి వచ్చేసినవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. మునుపు ఆ మాట బయటికి రానిచ్చేవాళ్ళు కాదు. ఎయిర్‌పోర్ట్‌లో బెలూన్లతో స్వాగతం చెప్పే ఊళ్ళో, ఆరు నెలలకే వచ్చినవాడు ఆదివారం ఆరాధనకు వెళ్ళడానికి కూడా వెనకాడేవాడు. 2013లో సంఘమే మిషనరీ జీవితానికి అలవాటు పడడం గురించి, మనసు మీద పడే భారం గురించి ఒక చిన్న పుస్తకం వేసింది. 2017లో రోజువారీ టైమ్‌టేబుల్‌ను సడలించింది. విదేశం వెళ్ళలేనివాళ్ళు ఇంటి దగ్గరే ఉండి సేవ చేసే దారి తెరిచింది. 2019లో ఫోన్ వచ్చింది. 2020 మార్చిలో కరోనా వచ్చి వేలాదిమందిని ఒక్కసారిగా ఇళ్ళకు తిప్పి పంపినప్పుడు, గడువు పూర్తికాకుండా తిరిగి రావడం తప్పేమీ కాదని మొత్తం సమాజమే కళ్ళారా చూసింది.

ఇప్పుడు సెలవు రోజున, బట్టలు ఆరేశాక, ఆ కుర్రాడు ఫోన్ తీస్తాడు. పక్కనే కంపానియన్ కూడా వాళ్ళమ్మతో మాట్లాడుతుంటాడు. అవతల స్క్రీన్ మీద ఒకామె, అతని ఇంటిపేరుతో కాకుండా, చిన్నప్పుడు పెట్టిన పేరుతో పిలుస్తుంది.