సీటొస్తుందా మాష్టారూ? జేఈఈ, ఈఏపీసెట్ మీద మా కోనసీమలో తిరిగే అపోహలు - వాస్తవాలు

జూన్ వచ్చిందంటే నాకు ఫోన్లే ఫోన్లు. కాలవలకి నీళ్ళొదిలి అందరూ సార్వా ఆకుమళ్ళ పనిలో ఉంటారు, సరిగ్గా అప్పుడే ఐఐటీ, నిట్ లాంటి కేంద్ర ఇంజనీరింగ్ కాలేజీల సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్ కూడా మొదలవుతుంది, దాంతో చేలో గట్టు మీంచే ఫోన్ చేసి "మావాడికి ఇంతొచ్చిందండి, సీటొస్తుందా మాష్టారూ" అని అడుగుతారు. అమలాపురంలో పద్దెనిమిదేళ్ళుగా ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్తున్నా, ఈ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం మాత్రం ఇప్పటికీ చేతకాదు. వాళ్ళు చెప్పే ఆ "ఇంత" ఏంటో సగం సార్లు వాళ్ళకే తెలీదు మరి.

అపోహ: 95 పర్సంటైల్ అంటే నూటికి 95 మార్కులు.

కాదండీ బాబూ. నిట్ లాంటి కాలేజీలకి రాసే జేఈఈ మెయిన్ పేపర్ 300 మార్కులకి, 75 ప్రశ్నలు. పర్సంటైల్ అంటే మీవాడి వెనకాల నూటికి ఎంతమంది ఉన్నారో చెప్పే లెక్క. ఏ షిఫ్ట్‌లో రాశాడో ఆ షిఫ్ట్ వాళ్ళతోనే పోలుస్తారు, అందుకే ఒకేలా మార్కులొచ్చిన ఇద్దరికి వేరేవేరే పర్సంటైల్ రావచ్చు. పద్నాలుగు లక్షల మంది రాశారనుకోండి, 95 పర్సంటైల్ అంటే 70 వేల మంది ముందున్నట్టు, 99 అయితే 14 వేల మంది. పెళ్ళిళ్ళలో చెప్పుకోడానికి 95 బానే ఉంటుంది గానీ కౌన్సెలింగ్‌లో అడిగేది ర్యాంకే. జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి రాస్తే రెండిట్లో మంచిదే తీసుకుంటారు కాబట్టి జనవరిలో సరిగ్గా రాలేదని తిండి కూడా మానేసి కూర్చునే పిల్లలు కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

అపోహ: ఇంటర్ హైదరాబాద్‌లో చదివినా మనది గోదావరి జిల్లానే కదా, తాడేపల్లిగూడెం నిట్‌లో మనం లోకలే.

ఇది మాత్రం నాకు బాగా బాధగా ఉంటుంది, ఎందుకంటే తెలిసేసరికే ఆలస్యమైపోతుంది. 2015లో తాడేపల్లిగూడెంలో నిట్ పెట్టాక మనవాళ్ళంతా అది మన ఊరి కాలేజీ అన్నట్టే అనుకుంటున్నారు. నిట్‌లలో సగం సీట్లు హోమ్ స్టేట్ వాళ్ళకి, సగం మిగతా రాష్ట్రాల వాళ్ళకి అన్నది నిజమే. కానీ హోమ్ స్టేట్ అంటే సొంతూరు కాదు, ఆధార్‌లో అడ్రస్సూ కాదు, ఇంటర్ ఏ రాష్ట్రంలో పాసయ్యారో అది. ముమ్మిడివరం అవతల నుంచి ఒకాయన వచ్చారు, కొబ్బరి దింపు డబ్బులు రెండేళ్ళు ఫీజులకే పోశారు, అబ్బాయిని హైదరాబాద్‌లో హాస్టల్లో పెట్టి చదివించారు, ర్యాంకు కూడా మంచిదే. ఏపీ హోమ్ స్టేట్ వరస చూసుకుని లెక్కలన్నీ వేసుకొచ్చారు. నేను ఇంటర్ మెమో తీయమన్నా. తెలంగాణ బోర్డు. "మా ఇంటి దగ్గర బస్సెక్కితే సాయంత్రానికి వచ్చేసే కాలేజీకి మావాడు పరాయి రాష్ట్రం వాడా" అన్నారాయన, నా దగ్గర జవాబు లేదు. ఆ కాలేజీ వాళ్ళు చేర్చుకునేటప్పుడు ఒక్క మాట చెప్పలేదంట, ఎందుకు చెప్తారు లెండి. హైదరాబాద్ పంపొద్దని కాదు నేననేది, పంపేముందు ఈ సంగతి తెలిసుండాలి. విజయవాడలో చదివితే ఈ గొడవ లేదు. ఐఐటీలకి హోమ్ స్టేట్ అనేదే లేదు. రాష్ట్రంలోని ఇంజనీరింగ్ కాలేజీలకి రాసే ఈఏపీసెట్‌లో లోకల్ లెక్క మళ్ళీ వేరు, అక్కడ ఎన్నేళ్ళు ఎక్కడ చదివారో స్టడీ సర్టిఫికెట్లు చూస్తారు.

అపోహ: రాని కాలేజీ పైన పెడితే ఛాన్స్ వేస్ట్.

పోయినేడు ఓ కుర్రాడు ఆప్షన్ల ప్రింటు పట్టుకొచ్చాడు. రావులపాలెంలో నెట్ సెంటరాయన పెట్టించాడంట, నలభై ఆప్షన్లు. వాడికి ఇష్టమైన కంప్యూటర్స్ ఎక్కడుందో చూస్తే ఇరవై మూడో నంబర్లో ఉంది. ఒకటో నంబర్లో వాడికి అస్సలు ఇష్టం లేని బ్రాంచి, "ఇదైతే గ్యారంటీగా వస్తుందన్నాడండి" అన్నాడు. వస్తుంది నాయనా, వచ్చి అక్కడే ఆగిపోతుంది, ఇరవై మూడో నంబర్ దాకా ఎవడూ చూడడు!

అసలు జరిగేదేంటంటే, ర్యాంకు వరసలో ఒక్కొక్కరి వంతు వస్తుంది, వంతు వచ్చాక వాళ్ళ లిస్టు పైనుంచి కిందకి చూసుకుంటూ వెళ్ళి మొదట ఎక్కడ సీటుంటే అది ఇచ్చేస్తారు. రేవులో చేపల దగ్గర క్యూలో నిలబడ్డారనుకోండి. మీ వంతొచ్చింది, పులస ఉందా అనడిగారు, అయిపోయిందన్నాడు, అయితే చందువా ఇవ్వవయ్యా అంటారు. పులస అడిగారని మిమ్మల్ని క్యూలో చివరికి పంపేస్తాడా ఏంటి? ఇదీ అంతే. ముందే చందువా అడిగితే మాత్రం బుట్టలో పులస ఉన్నా మీకు చూపించడు. కాబట్టి ఇష్టం ఎక్కువున్నది పైన, తక్కువున్నది కింద, జోసా అయినా ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లయినా ఇదే సూత్రం. కింద మాత్రం పిసినారితనం చెయ్యొద్దు, పది ఆప్షన్లు పెట్టి ఊరుకుని ఏదీ రాక ఏడ్చిన పిల్లల్ని చూశాను. ఆ కుర్రాడూ నేనూ ఆఖరి రోజు రాత్రి కూర్చుని లిస్టంతా తిరగరాశాం, కంప్యూటర్స్ రాలేదు, నాలుగో నంబర్లో పెట్టిన ఈసీఈ వచ్చింది. పాత లిస్టులో అది ముప్పై ఒకటో నంబరు.

ఇంకోటి, ఫ్లోట్ పెట్టాక, అంటే వచ్చిన సీటు ఉంచుకుని తర్వాతి రౌండులో పై ఆప్షన్ కోసం చూస్తానన్నాక, పైది వస్తే కిందది దానంతటదే పోతుంది, రెండూ చేతిలో ఉండవు. వచ్చినా వెళ్ళనివి పైన పెట్టకండి మరి.

అపోహ: జేఈఈ ర్యాంకుంటే ఇంటర్ మార్కులెవడడుగుతాడు.

అడుగుతారు. నిట్, ఐఐటీ సీటుకి ఇంటర్‌లో 75 శాతం ఉండాలి, లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి 65. మన ఈఏపీసెట్ ర్యాంకులో అయితే పావు వంతు వెయిటేజీ ఇంటర్‌దే. 160 ప్రశ్నలకి నెగెటివ్ లేదు గాబట్టి అన్నీ పెట్టి రావాలన్నది ఎలాగూ చెప్పక్కర్లేదు.

అపోహ: ఐఐటీ వచ్చేదాకా ఎన్నిసార్లైనా రాయొచ్చు.

ఐఐటీల కోసం రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్ రెండేసార్లు, అదీ వరసగా రెండేళ్ళు. 2024 నవంబర్లో మూడుసార్లన్నారు, కొన్నాళ్ళకే వెనక్కి తీసుకున్నారు, ఆ మొదటి వార్త మాత్రం ఇంకా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. 2024లో అడ్వాన్స్‌డ్ రాసినవాళ్ళు లక్షా 80 వేలు, క్వాలిఫై అయినవాళ్ళు 48 వేల పైచిలుకు, ఐఐటీ సీట్లు 17,740. క్వాలిఫై అయ్యాడని స్వీట్లు పంచండి, తప్పులేదు, సీటు సంగతి మాత్రం ర్యాంకు చూశాకే.

అపోహ: పోయినేడు మా పక్కింటబ్బాయికి ఇదే ర్యాంకుకి వచ్చింది.

ఆ అబ్బాయి కేటగిరీ ఏంటి, చదివిన రాష్ట్రం ఏంటి, ఏ రౌండులో వచ్చింది? జోసా సైట్లో ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకులు, అంటే మొదటి సీటు, చివరి సీటు ఏ ర్యాంకుకి వెళ్ళాయో ఉంటాయి, చివరి రౌండు పెట్టి మీ వరస మాత్రమే చూడండి, ఒక్క ఏడాదిది కాకుండా మూడేళ్ళవి. రిజర్వుడు కేటగిరీల్లో కనిపించేది కేటగిరీ ర్యాంకు, దాన్ని కామన్ ర్యాంకుతో పోల్చుకుని బెంగపడిపోయేవాళ్ళు ఏటా ఉంటారు. ఆడపిల్లలైతే రెండు వరసలూ చూడాలి, ఆడపిల్లలకి మాత్రమే ఉన్నదీ, అందరిదీ.

అపోహ: క్యాస్ట్ సర్టిఫికెట్ ఉందిగా, చాలు.

రాష్ట్రం కోసం తీసుకున్నది జోసాకి పనికిరాదు. ఓబీసీ ఎన్‌సీఎల్ (నాన్ క్రీమీలేయర్) అయినా ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడినవాళ్ళ కోటా) అయినా కేంద్రం ఫార్మాట్‌లో, ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినదై ఉండాలి. ఇంట్లో 5 ఎకరాలు, ఆపైన పొలం ఉంటే ఆదాయం ఎంత తక్కువైనా కేంద్రం ఈడబ్ల్యూఎస్ రాదు, మన డెల్టాలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మొన్నో అమ్మాయికి సీటొచ్చింది, డాక్యుమెంట్లు అప్‌లోడ్ చేసింది, ఇది సరిగ్గా లేదు సరిచెయ్యమని క్వెరీ పడింది. చూస్తే సర్టిఫికెట్ తేదీ మార్చి 28. నాలుగు రోజుల తేడా! వాళ్ళ నాన్నగారు వర్షంలో బండి మీద తాసీల్దార్ ఆఫీసుకి మూడుసార్లు తిరిగారు, కొత్తది చేతికొచ్చేసరికి క్వెరీకి జవాబివ్వడానికి ఇంక ఆ ఒక్క సాయంత్రమే ఉంది, మా ఇంట్లో కరెంటేమో లేదు, ఫోన్లోనే ఫొటో తీసి ఎక్కించాం.