పర్లాకిమిడి నుంచి మామ్మ ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

అరవై ఎనిమిదేళ్ల వయసులో ఒడియా అక్షరాలు దిద్దడం ఎందుకు మామ్మా అని మొన్న ఫోనులో అడిగారు. దానికి తీరికగా జవాబు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒడియా మాట్లాడడం నాకు చిన్ననాటి నుంచి వచ్చు, చదవడమే రాదు. ఒడియా అక్షరాలలో చాలావాటికి నెత్తిన గొడుగులాంటి వంపు ఒకటే ఉంటుంది కనుక, దాని కింద ఉన్న చిన్న తేడాను కన్ను పట్టుకోవాలి. మొదటి నెల ప్రతి అక్షరం దగ్గరా ఆగిపోయేదాన్ని. ఇప్పుడు బస్సు కదిలే లోపలే బోర్డు చదివేస్తున్నాను.

మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. ఏ పని పదేపదే చేస్తామో ఆ పనికి పనికొచ్చే కణాల మధ్య సంధులు బలపడతాయి, వాడనివి సన్నగిల్లుతాయి. వయసు మీద పడితే ఈ మార్పు నెమ్మదిస్తుందే గాని ఆగిపోదు. పగలు నేర్చినది రాత్రి నిద్రలో కుదురుకుంటుంది కాబట్టే పరీక్షల ముందు కూడా నిద్ర మానవద్దంటాను.

హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాది బృందం డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు ఉన్న 648 మందిని పరిశీలించి, ఒకే భాష వచ్చినవారి కంటే రెండు లేదా అంతకు మించి భాషలు మాట్లాడేవారికి ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. చదువు లేనివారిలోనూ ఆ తేడా కనిపించింది. నన్ను ఆకట్టుకున్నది అదే. భాష ఒక్కటే కాపాడుతుందని అనను. కానీ మన సంతలో కూరగాయలమ్మే ఆమె ముఖం చూసి "కేతే మాఉసీ" అనాలో "ఎంతమ్మా" అనాలో తేల్చుకొని, ఒక భాషను నోట పలుకుతూ రెండోదాన్ని ఆపి ఉంచడం మెదడుకు రోజూ సామే.

మన ఊరి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకోవడానికి అడవుల వెంట తిరిగి, మలేరియాకు క్వినైన్ వాడి చెవుడు తెచ్చుకున్నారు. అయినా 1938లో, 75 ఏళ్ల వయసులో, సవర నిఘంటువు వెలువరించారు.

చెవి మాట వచ్చింది గనుక ఒకటి చెబుతాను. డిమెన్షియా ముప్పు పెంచేవాటిలో మనం సరిచేసుకోగలిగినవి 14 ఉన్నాయని లాన్సెట్ పత్రిక నిపుణుల సంఘం 2024లో చెప్పింది. రక్తపోటు, మధుమేహం, పొగతాగడం, ఒంటరితనంతో పాటు వినికిడి తగ్గడమూ అందులో ఉంది. నాకు మాటలు సరిగా వినబడక రెండేళ్లు పెళ్లిళ్లకు, పేరంటాలకు వెళ్లడం మానేశాను. చెవి మిషను అప్పుడే పెట్టించుకోవలసింది. మీ తాతయ్యను కూడా చెవి పరీక్షకు మీరే ఒప్పించాలి, నా మాట వినడం లేదు.

దీనికి జవాబు ఒడియాలో రాయండి. జోడక్షరాల దగ్గర ఇంకా తడబడుతున్నాను, కొంచెం పెద్దవిగా రాయండి.

మీ మామ్మ