సాయంత్రం ఆగే ఇన్వర్టర్: తప్పు కెపాసిటర్‌దా?

చీమకుర్తి దగ్గరి ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీని ఏసీగా మార్చే పెట్టె) మళ్లీ మొరాయించింది. తెర మీద పాత మాటే: బస్ అన్‌బ్యాలెన్స్, అంటే లోపలి డీసీ వోల్టేజీ రెండు సగాలూ సమంగా లేవని. వేడికీ, రాతి దుమ్ముకూ కెపాసిటర్లు (లోపల ఛార్జిని నిల్వ చేసే భాగాలు) చెడిపోయాయనీ, అది వారంటీ కిందికి రాదనీ సరఫరాదారు అంటున్నారు. కిందటిసారి కొత్తవి వేసినా నెల తిరక్కుండానే ఇదే తంతు అని యజమాని మండిపడుతున్నారు.

ఇది మూడు స్థాయిల ఇన్వర్టర్, అంటే ప్లస్, సున్నా, మైనస్ అనే మూడు వోల్టేజీ మెట్ల మధ్య స్విచ్‌లు మారుస్తూ ఏసీ తయారుచేసేది. ఈ రకం 1981లో జపాన్‌లో రూపుదిద్దుకుంది. ఈ తగాదాకు కావలసింది ఒక్కటే. డీసీ వోల్టేజీని వరసగా కలిపిన రెండు కెపాసిటర్లు చెరి సగం మోస్తాయి. వాటి నడిమి బిందువు దగ్గర కరెంటు కదిలితే ఒకటి నిండుతుంది, రెండోది తరుగుతుంది.

అసలు మలుపు 2000లో వచ్చింది. అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయానికి చెందిన సెలనోవిచ్, బోరోయెవిచ్ ఈ నడిమి బిందువు కథను లెక్కగట్టి విప్పారు. స్విచ్‌ల ఒక్కో అమరిక ఒక స్థితి. వాటిలో చిన్న వోల్టేజీ ఇచ్చే స్థితులు జంటలుగా ఉంటాయి. జంటలో ఏది వాడినా బయటికి వచ్చే వోల్టేజీ ఒకటే, నడిమి కరెంటు దిశ మాత్రం తారుమారవుతుంది. ఇన్వర్టర్‌ను నడిపే ప్రోగ్రామ్ చేతిలోని కళ్లెం అదే. మధ్యస్థాయి స్థితులకు అలాంటి జంట లేదు. అందుకే ఇన్వర్టర్ పూర్తి వోల్టేజీకి దగ్గరగా పనిచేస్తూ పవర్ ఫ్యాక్టర్ (మొత్తం విద్యుత్తులో నిజంగా పనిచేసే వాటా) పడిపోయినప్పుడు కళ్లెం చాలదు. మన 50 హెర్ట్జ్ లైన్ మీద నడిమి బిందువు 150 హెర్ట్జ్‌తో ఊగుతుంది.

ఇప్పుడు యూనిట్ ఎలక్ట్రీషియన్ నోటుపుస్తకం చూడండి. ట్రిప్ అయిన వేళలన్నీ సాయంత్రం నాలుగున్నర దాటాకే. ఎండ మండే మధ్యాహ్నం ఒక్కటీ లేదు. పవర్ ఫ్యాక్టర్ జరిమానా తప్పించుకోవడానికి ఇన్వర్టర్ నుంచే రియాక్టివ్ పవర్ (పని చేయకుండా మోటార్ల అయస్కాంత క్షేత్రం కోసం అటూ ఇటూ తిరిగే విద్యుత్తు) ఇచ్చేలా సెట్టింగ్ మార్చింది సరఫరాదారు మనిషే. గొడవ మొదలైంది ఆ తర్వాతే. పొద్దు వాలాక ప్యానెళ్ల కరెంటు తగ్గుతుంది, పాలిషింగ్ మోటార్ల రియాక్టివ్ భారం అలాగే ఉంటుంది. అంటే ఇన్వర్టర్ పవర్ ఫ్యాక్టర్ పడిపోయేది సరిగ్గా అప్పుడే.

కెపాసిటర్ ముదిరితే ఆ ఊపు పెరుగుతుంది, నిజమే. సరఫరాదారు మాటలో అంతవరకు పస ఉంది. కానీ ఊపు పుట్టేది అక్కడ కాదు. ఎంత ఊపును తట్టుకోవాలో లెక్కగట్టి కెపాసిటర్ సైజు ఎంచుకోవలసింది కూడా తయారీదారే.

పైగా దీనికి మందు 2004లోనే దొరికింది. బార్సిలోనా పరిశోధకులు ఊహాత్మక స్థితులను (సగటున నడిమి కరెంటు సున్నా అయ్యేలా అసలు స్థితులను కలిపి కూర్చినవాటిని) వాడి, మూడు ఫేజుల కరెంట్ల మొత్తం సున్నా అయినంత వరకు పవర్ ఫ్యాక్టర్ ఏదైనా బ్యాలెన్స్ నిలపవచ్చని చూపారు. స్విచ్‌లు ఎక్కువసార్లు మారాలి, కాస్త ఎక్కువ వేడెక్కుతాయి. ఆ ఖర్చు ఎవరిదన్నది వేరే గొడవ.

రియాక్టివ్ సెట్టింగ్‌ను ఒక్క వారం తీసేసి చూద్దామని ఎలక్ట్రీషియన్ అడిగారు. జవాబుగా కొత్త కెపాసిటర్ల కొటేషన్ వచ్చింది.