మ్యాడ్ కౌ జబ్బుకు టీకా ఎందుకు లేదంటే

తిరుపతి

పిల్లలూ,

కుక్క కరిస్తే వేసుకోవడానికి టీకా ఉంది కదా, ఆవుల మెదడును పాడుచేసే మ్యాడ్ కౌ జబ్బుకు ఎందుకు లేదు తాతయ్యా అని అడిగారు. పశువుల డాక్టరుగా బతికినవాణ్ణి, ఈ ప్రశ్నకు తీరిగ్గా జవాబు రాయాలనిపించింది.

రేబిస్ తెచ్చేది వైరస్. టీకాలో చచ్చిన వైరస్‌ని ఇస్తే, ఇది పరాయిదని ఒళ్లు గుర్తుపట్టి యాంటీబాడీలు, అంటే దాన్ని అడ్డుకునే ప్రొటీన్లు, తయారుచేసుకుంటుంది. మ్యాడ్ కౌ తెచ్చేది ప్రియాన్. మన మెదడు కణాల మీద ఎప్పుడూ ఉండే ఒక ప్రొటీనే మడత తప్పితే ప్రియాన్ అవుతుంది. అది పక్కనున్న మంచి ప్రొటీన్‌ని కూడా తనలాగే మార్చేస్తుంది. అది మన సొంత ప్రొటీనే కాబట్టి ఒళ్లు దాన్ని పరాయిదనుకోదు. అలిపిరి తనిఖీ దగ్గర సిబ్బంది యూనిఫాం వేసుకున్న దొంగ దర్జాగా నడిచి వెళ్లినట్టు, ప్రియాన్ రోగనిరోధక శక్తి కళ్లముందే వెళ్లిపోతుంది. 1982లో అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ ప్రుసినర్ ఈ సంగతి చెబితే చాలామంది నమ్మలేదు. 1997లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఇంకా బాధ కలిగించే విషయం ఏమిటంటే, తిండితో లోపలికొచ్చిన ప్రియాన్ మెదడుకు పోయేముందు తరచుగా ప్లీహంలో, లింఫ్ గ్రంథుల్లో, అంటే రక్షణ కణాలుండే చోటే పెరుగుతుంది. శాస్త్రవేత్తలకు దారి దొరికింది కూడా అక్కడే. ఒళ్లు తయారుచేయని యాంటీబాడీలను బయటినుంచి ఎక్కిస్తే? 2003లో లండన్ పరిశోధకులు ఎలుకల పొట్టలోకి ప్రియాన్లు ఎక్కించి, తర్వాత యాంటీబాడీలు ఇచ్చారు. మందు అందని ఎలుకలు చనిపోయాక కూడా ఇవి 300 రోజులకు పైగా ఆరోగ్యంగా తిరిగాయి! యాంటీబాడీ వెళ్లి మంచి ప్రొటీన్‌కి అతుక్కుంటే ప్రియాన్ దాన్ని మార్చలేదు. కానీ ప్రియాన్ని నేరుగా మెదడులోకే ఎక్కించిన ఎలుకలకు మాత్రం ఫలితం దక్కలేదు. రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డును యాంటీబాడీలు సులువుగా దాటలేవు.

2018 నుంచి లండన్‌లోనే, మనుషులకు వచ్చే ఇదే జాతి మెదడు జబ్బు సీజేడీ (క్రాయిట్స్‌ఫెల్ట్-యాకబ్ జబ్బు) ఉన్న ఆరుగురికి ఇలాంటి యాంటీబాడీ మందు ఇచ్చారు. మెదడు దాకా చేరింది, పెద్దగా హాని చేయలేదు. అయినా ఆరుగురూ దక్కలేదు. లక్షణాలు బయటపడేసరికే మెదడు బాగా దెబ్బతినిపోతుంది. అందుకని, ఈ జబ్బు వంశంలో ఉన్నవాళ్లకు అది మొదలుకాకముందే ఇవ్వాలన్న ఆలోచన ఉంది. నా ఆశ అంతా దానిమీదే.

అన్నట్టు, మీలో ఒకరు భయంతో పాలు మానేశారట. టెన్షన్ వద్దు. ఇంగ్లండులో 1986లో ఈ జబ్బు బయటపడింది. పశువుల మాంసం, ఎముకల పొడి తిరిగి ఆవులకే దాణాగా పెట్టడంవల్ల అంతగా వ్యాపించింది. మన పుంగనూరు ఆవులు తినేది గడ్డి, తవుడు, చెక్క. పైగా ఈ జబ్బు పాల ద్వారా వస్తుందనడానికి ఆధారం లేదు. రేపటి నుంచి గ్లాసు ఖాళీ చేయండి.

మీ తాతయ్య