ఇంటిపేరు ఒకటే, గోత్రాలు వేరు

చిన్నీ, బుజ్జీ,

మొన్న వీడియో కాల్‌లో మీ పెరట్లో వాలిన నారింజ రంగు పిట్టని చూపించి, "తాతయ్యా, దీన్ని బాల్టిమోర్ ఓరియోల్ అంటారట, ఊరి పేరు పిట్టకెందుకు పెట్టారు?" అన్నారు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఈ ఉత్తరం.

ఊరికీ పిట్టకీ కూడా ఆ పేరు ఒక కుటుంబం నుంచే వచ్చిందమ్మా. మీరుండే మేరీల్యాండ్‌ని 1634లో మొదలుపెట్టిన కాల్వర్ట్‌లకి లార్డ్ బాల్టిమోర్ అని బిరుదు. వాళ్ల వంశచిహ్నంలో రంగులు నలుపు, బంగారు పసుపు. మీ రాష్ట్రం జెండాలో ఇప్పటికీ ఉన్నాయి, చూడండి. మగపిట్ట ఒంటి మీదా దాదాపు ఆ రంగులే, తల నల్లన, పొట్ట నిప్పులా నారింజ. అందుకని ఆ పేరు.

ఇక ఓరియోల్. అసలు ఓరియోల్ అంటే మన పసుపు రంగు వంగపండు పిట్ట జాతి, యూరప్‌లోనూ ఉంటుంది. యూరప్ నుంచి వెళ్లినవాళ్లు అక్కడి పిట్టని చూసి, అచ్చం మా ఓరియోల్‌లాగే ఉందే అనుకుని ఆ పేరే పెట్టేశారు. కానీ చుట్టరికం లేదు. మన ఊళ్లో మన ఇంటిపేరే ఉన్నవాళ్లు చెరువు అవతలి వీధిలో ఉన్నారు కదా, వాళ్ల గోత్రం వేరు, వాళ్లింట్లో పురుడొస్తే మనకి మైల ఉండదు. ఇదీ అంతే. మీ ఓరియోల్ గోత్రం అక్కడి గ్రాకిల్స్ అనే నల్ల పిట్టలతో కలుస్తుంది. అమెరికా పడమటి వైపు బుల్లక్స్ ఓరియోల్ అని ఇంకొకటి ఉంది. నడిమి మైదానాల్లో ఈ రెండూ జతకడుతున్నాయని 1973లో శాస్త్రవేత్తలు రెంటినీ ఒకే జాతి చేసి నార్తర్న్ ఓరియోల్ అన్నారు, మళ్లీ 1995లో విడదీశారు. నాలుగు సంబంధాలు కలుపుకున్నంత మాత్రాన రెండు వంశాలు ఒకటైపోవు కదా!

నాకు మాత్రం దాని పేరుకన్నా గూడు ఇష్టం. కొమ్మ చివర మేజోడులా వేలాడుతుంది. మన గిజిగాడికి దానికీ ఏ చుట్టరికమూ లేదు, అయినా పని ఒకటే. గిజిగాళ్లలో మగది అల్లుతుంది, ఓరియోల్‌లో ఆడది. చిన్నప్పుడు కాలవ గట్టున తుమ్మచెట్టుకి వేలాడే గిజిగాడి గూడొకటి కర్రతో లాగాను. లోపల గోడకి ఎండిన మట్టి ముద్దలు అతికించి ఉన్నాయి. అడుగున రెండు తెల్లటి గుడ్లు, ఒకటి చితికిపోయింది. మా అమ్మ కొట్టలేదు, తిట్టలేదు, ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. కట్టేవాళ్ల కష్టం తెలియకుండా దేన్నీ లాగకూడదు నాన్నా.

మీ ఓరియోల్ ఆ సన్నటి ముక్కుతో, చేతులు లేకుండా, గాలికి ఊగే కొమ్మ మీద నిలబడి అంత గట్టి ముడి ఎలా వేస్తుందో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టదు. మీరే చూడండి. ఒక నారింజకాయని సగానికి కోసి కోసిన వైపు పైకి ఉండేలా రెయిలింగ్ మీద పెట్టండి, వస్తుంది. చలికాలానికి మెక్సికో, మధ్య అమెరికా వైపు వెళ్లిపోతుంది. ఆకులు రాలాక ఎత్తైన చెట్ల కొమ్మల చివర్లు వెతకండి, ఖాళీ గూడు కనిపిస్తే ఫొటో తీసి పంపండి.

మీ తాతయ్య