తాగొద్దని చెబితే సరిపోదు: సెక్స్ వర్కర్ల ఆరోగ్యంపై అపోహలు - వాస్తవాలు

సెక్స్ వర్కర్లు వచ్చే సుఖవ్యాధుల క్లినిక్‌లో కౌన్సెలర్‌గా చేస్తున్నాను. రోజూ నా చెవిన పడే కొన్ని మాటలు ఈ ఆడవాళ్ల ప్రాణాల మీదికి తెస్తున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: తాగుడు అలవాటై కండోమ్ సంగతి గాలికొదిలేస్తారు.

వాస్తవం: చాలాసార్లు సీసా తెచ్చేది కస్టమరే. తనతో పాటు తాగమంటాడు, కాదంటే ఇంకొకరిని చూసుకుంటానంటాడు. భయం, ఒంటి నొప్పులు తెలియకూడదని తాగేవాళ్లూ ఉన్నారు. మత్తులో ఉన్నప్పుడు కండోమ్ కోసం పట్టుబట్టడం కష్టం, అది చిరిగినా తెలియదు. తాగిన మగవాడు చెయ్యి చేసుకుంటే తప్పించుకోవడం ఇంకా కష్టం. అందుకే డబ్బు మాట, కండోమ్ మాట మొదటి గ్లాసుకు ముందే తేల్చుకోమంటాం. ఖాళీ కడుపుతో తాగొద్దని, ఎక్కడికి వెళ్తున్నారో తోటి మనిషికి ఫోన్‌లో చెప్పి వెళ్లమని చెబుతాం.

ఒకామె తెల్లబట్టకు ఇచ్చిన ఆకుపచ్చ కిట్‌ను, అంటే మాత్రల ప్యాకెట్‌ను, పర్సులోనే ఉంచుకుంది. "ఇవి వేసుకుంటే తాగకూడదన్నారు కదక్కా, తాగనంటే కస్టమర్ ఊరుకోడు" అంది. ఆమె మొండిది కాదు, ఆ రాత్రి సంపాదన పోతుందని భయపడింది. పని లేని రోజు ఎప్పుడో అడిగి, మాత్రలు ఆ రోజుకి పెట్టాం. ఈ ఒక్క ప్రశ్న అడగకుండా "చెప్పినా వినరు" అనేయడం అన్యాయం.

అపోహ: పైకి ఏమీ లేకపోతే జబ్బు లేనట్టే.

వాస్తవం: గనేరియా, క్లమీడియా అనే సుఖవ్యాధులు చాలామంది ఆడవాళ్లలో బయటపడవు. సవాయి (సిఫిలిస్) పుండు నొప్పి లేకుండా వచ్చి దానంతటదే మానిపోతుంది, జబ్బు మాత్రం ఒంట్లోనే ఉంటుంది. ఆరు నెలలకోసారి హెచ్‌ఐవీ, సవాయి పరీక్షలు చేయించుకోమనేది ఇందుకే.

అపోహ: తాగిన రోజు ఏఆర్‌టీ మాత్ర (హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు రోజూ వేసుకునే మందు) మానేయాలి.

వాస్తవం: మానకూడదు. మాత్రలు తప్పుతూ ఉంటే వైరస్ మళ్లీ పెరుగుతుంది. తాగే సంగతి డాక్టర్ దగ్గర దాచకండి, లివర్ పరీక్ష అవసరమేమో చూస్తారు.

అపోహ: కండోమ్ చిరిగితే డెట్టాల్‌తో కడుక్కుంటే చాలు.

వాస్తవం: లోపల కడిగితే పుండ్లు పడి ప్రమాదం పెరుగుతుంది. కండోమ్ చిరిగినా, బలవంతం జరిగినా వెంటనే ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే పెప్ మాత్రలు అవసరమని డాక్టర్ అంటే 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. గర్భం రాకుండా వేసుకునే మాత్ర రోగాలను ఆపదు.

అపోహ: ఆస్పత్రికెళ్తే ఊరంతా తెలిసిపోతుంది.

వాస్తవం: 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం గుట్టుగా ఉంచాలి. లైంగిక దాడికి గురైన సెక్స్ వర్కర్లకు వెంటనే వైద్యం అందాలని 2022 మేలో సుప్రీంకోర్టు కూడా ఆదేశించింది. దగ్గర్లో సెంటర్ ఎక్కడుందో తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.