గేర్‌బాక్స్ ముక్కుకు పెయింటు

మిర్యాలగూడలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో ఫిట్టర్‌గా చేసే కుర్రాడు మొన్న ఫోన్ చేశాడు. ఒకప్పుడు నా దగ్గర ఇంటర్ ఫిజిక్స్ చదివినవాడే.

"సార్, వడ్లు పైకెక్కించే ఎలివేటర్ గేర్‌బాక్స్‌కు ఆయిల్ సీల్ మూడుసార్లు మార్చినం. నెల తిరగకముందే మళ్ల కారుతున్నది. సీల్సే డూప్లికేట్ వస్తున్నయంటరా?"

"బ్రీదర్ చూసినవా?"

"అదేంది సార్?"

"పైన గుబ్బ లెక్క ఉంటది చూడు."

"ఓ, అదా! అది ఊకె టోపీ అనుకున్న."

గేరు పళ్లు వేగాన్ని ఎలా తగ్గిస్తాయో ఇక్కడ చెప్పబోను, నాకు ఆ టోపీ మీదే మోజు. గేర్లతో తిరిగే ఇనుప కడ్డీ, అంటే షాఫ్ట్, పెట్టెలోంచి బయటికి వచ్చే చోట నూనె కారకుండా చుట్టూ బిగించే రబ్బరు ఉంగరమే ఆయిల్ సీల్; షాఫ్ట్‌ను తాకే దాని అంచును పెదవి అంటాం. గేర్‌బాక్స్‌లో నూనె అంచుదాకా ఉండదు. కింద నూనె, పైన గాలి. ఆ గాలి వచ్చిపోయే దారే బ్రీదర్. కొన్నిటికి ఉత్త రంధ్రమూ జాలీ ఉంటాయి. కొన్నిటిలో చిన్న స్ప్రింగు వాల్వు ఉంటుంది, ఒత్తిడి కాస్త పెరిగాకే తెరుచుకుంటుంది.

ఒక లెక్క వేద్దాం. పెట్టె 12 లీటర్లది, అందులో నూనె 5, గాలి 7 అనుకోండి. పొద్దున మిల్లు మొదలెట్టేటప్పుడు 30 డిగ్రీలు, రెండు మూడు గంటలు నడిచాక 75. కెల్విన్‌లో 303 నుంచి 348. గాలి దాదాపు 15 శాతం ఉబ్బాలి. అంటే లీటరు గాలి బయటికి పోవాలి. పోనీయకపోతే ఒత్తిడి అంత పెరుగుతుంది. పైగా నూనె కూడా ఉబ్బుతుంది. డిగ్రీకి 0.07 శాతం చొప్పున 45 డిగ్రీలకు 160 మిల్లీలీటర్లు పెరిగి, గాలికున్న చోటును ఇంకా ఇరుకు చేస్తుంది. రెండూ కలిపితే ఒత్తిడి పదిహేడున్నర శాతం పెరుగుతుంది. ఆ పెరిగిన ఒత్తిడిని నీళ్లలో చెప్పాలంటే 1.8 మీటర్ల లోతు. మనిషి నిలువు లోతు నీళ్ల ఒత్తిడి పోయి సీల్ రబ్బరు పెదవి మీద పడుతుందన్నమాట. క్లాసులో ఏళ్ల తరబడి బెలూన్లతో ఈ పాఠం చెప్పాను. ఒక్కసారైనా పిల్లల్ని రైస్ మిల్లుకు తీసుకెళ్లి ఉంటే బాగుండేది.

నిజానికి అంత ఒత్తిడి లోపల నిలవదు. ఎక్కడ సందు దొరికితే అక్కడ బయటపడుతుంది, ఆ సందు సీల్ దగ్గరే. ఆయిల్ సీల్ పెదవి షాఫ్ట్‌ను గట్టిగా కరుచుకుని ఉంటుందనుకుంటాం. సరిగా పనిచేసే సీల్ మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం నూనె పొర మీద తేలుతూ ఉంటుంది. లోపలి ఒత్తిడి ఆ పెదవిని షాఫ్ట్‌కేసి నొక్కితే పొర చిరుగుతుంది, రాపిడికి రబ్బరు వేడెక్కి గట్టిపడుతుంది, షాఫ్ట్ మీద సన్నని గాడి పడుతుంది. మనవాడు మూడుసార్లు వేసిన కొత్త సీళ్లూ ఆ పాత గాడిలోనే కూర్చున్నాయి.

ఇదంతా బయటికి వదిలే ఊపిరి కథ. నాకు ఎక్కువ భయం లోపలికి పీల్చే ఊపిరి అంటేనే. మిల్లు ఆగి గేర్‌బాక్స్ చల్లారగానే ఆ లీటరు గాలి మళ్లీ లోపలికి రావాలి. బ్రీదర్ మూసుకుపోతే నూనె కారిన సీల్ అంచునుంచే పీల్చుకుంటుంది, అక్కడున్న దుమ్మంతటితో సహా. వడ్లు ఉడికించే తొట్ల దగ్గర గాలి ఆవిరితో నిండి ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర అలాంటి లీటరు గాలిలో 30 మిల్లీగ్రాముల నీరు ఉంటుంది, అర చుక్క పైన. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మరికొంత. అన్నం గిన్నె మూతకు లోపల చెమట పట్టినట్టే గేర్‌బాక్స్ కప్పుకు లోపల తడి పట్టి నూనెలోకి జారుతుంది. కొన్నాళ్లకు నూనె మజ్జిగలా తెల్లబడుతుంది. వేడి గేర్‌బాక్స్ మీద పైపుతో చన్నీళ్లు కొట్టి కడిగేవాళ్లనూ చూశాను. గాలి ఒక్కసారి ముడుచుకుని ఆ నీళ్లనే లోపలికి లాక్కుంటుంది.

మామిడికాయ తొక్కు జాడీ మూతికి గుడ్డ కట్టే అమ్మలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. గాలి ఆడాలి, దుమ్ము పడొద్దు. తడి కూడా పడొద్దనుకుంటే సిలికా జెల్ గింజల బ్రీదర్ వాడతారు. సబ్‌స్టేషన్‌లో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పక్కన గాజు సీసాలో నీలి గింజలు కనిపిస్తాయే, అవే. తడి పీల్చుకుంటే గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ నీలి రంగునిచ్చే కోబాల్ట్ క్లోరైడ్ ఒంటికి మంచిది కాదు కాబట్టి ఇప్పుడు నారింజ రంగువి వస్తున్నాయి. ఒక్క గ్రాము గింజల లోపలి రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే 700 చదరపు మీటర్ల దాకా వస్తుంది. మన లెక్కలో ఏడు గుంటల భూమి! నీటి అణువులు ఆ గోడలకు అంటుకుపోతాయి. తమాషా ఏమిటంటే, మిల్లులో ఎగిరే ఊక బరువులో 15 నుంచి 20 శాతం కూడా సిలికానే. గేరు పళ్లను అరగదీసే దుమ్మూ, వాటిని కాపాడే గింజలూ ఒకే ఇంటివి.

ఇంతకీ మనవాడి బ్రీదర్ ఎందుకు మూసుకుపోయింది? సగం తప్పు ఊక దుమ్ముది. నూనె ఆవిరితో కలిసి రంధ్రాల్లో ముద్ద కట్టింది. మిగతా సగం దసరాది. ఆయుధ పూజకు ముందు మిషన్లన్నిటికీ కొత్త పెయింటు వేస్తారు. కుంచె పట్టినవాడికి బ్రీదర్ అని ఏం తెలుసు, దానిమీదా రెండు పూతలు. ఆ తర్వాత నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కడతారు. దిష్టి మాట నాకు తెలియదు, పెయింటు మాత్రం గట్టిగానే తగిలింది.

మిల్లు ఆపి, చల్లారాక బ్రీదర్‌ను మెల్లగా విప్పమన్నాను. వేడిమీద విప్పితే నూనె చిమ్మి చేతులు కాలుతాయి. కిరోసిన్‌లో నానబెట్టి, లోపలి వైపు నుంచి గాలి కొట్టమన్నాను. అది ఆరేదాకా తూటుకు బోల్టు బిగించి మిల్లు నడపొద్దనీ, కొత్త గేర్‌బాక్స్ వస్తే దారిలో నూనె ఒలక్కుండా పెట్టిన బిరడా తీసి బ్రీదర్ బిగించడం మరవొద్దనీ చెప్పాను.

సాయంత్రం మళ్లీ ఫోన్. "సార్, విప్పంగనే ఉస్సుమని గాలి లోపలికి గుంజింది!"

"ఇప్పుడు కారుడు ఆగిందా?"

"లేదు సార్."

గాడి ఉంది కదా. నాలుగో సీల్‌ను చోటుంటే రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు జరిపి, పెదవి నున్నని చోట కూర్చునేటట్టు బిగించమన్నాను. లేకపోతే షాఫ్ట్‌కు సన్నని స్లీవ్ తొడగాలి. లేత్ దగ్గరికి రేపు పోతానన్నాడు.